ఆట అయిపోయింది... కథ రాసేదెవరు?

రాత్రి తొమ్మిదిన్నర. వేల్పూర్‌లో ఓ ఇల్లు. పొద్దంతా పసుపు చేలో కలుపు తీసి వచ్చిన అమ్మ వంట ముగించి అప్పుడే కూర్చుంది. ఫోన్ మోగింది. దుబాయ్ నుంచి నాన్న.

''బిడ్డా, ఇయ్యాల ఆట ఏమైంది?''

''ఓడినం బాపూ.''

''ఎంతకు?''

''ఆరు-అయిదు.''

''నువ్వెట్ల ఆడినవ్?''

''మంచిగనే...''

అంతే. ఫోన్ అమ్మ చేతిలోకి వెళ్లిపోతుంది. మాట ఎరువుల మీదికో, చిట్టీ డబ్బుల మీదికో మళ్లుతుంది. పిల్ల పడుకుంటుంది. అక్కడ నాన్న కూడా పడుకుంటాడు. కానీ ఆయనకు తెలిసిందేమిటి? ఆరు-అయిదు అనే రెండు అంకెలు, 'మంచిగనే' అనే ఒక మాట. ఆ అయిదు పరుగులు ఎలా వచ్చాయి? బిడ్డ ఎక్కడ నిలబడింది? బంతి చేతికొచ్చినప్పుడు భయపడిందా, నవ్విందా? అవేవీ ఆ ఫోన్‌లో పట్టలేదు.

ఇది ఫలానా వాళ్లింట్లో జరిగిన సంగతని చెప్పడానికి లేదు. నాన్న గల్ఫ్‌లోనూ, ఆడే బిడ్డ ఊళ్లోనూ ఉన్న ప్రతి ఇంట్లో వినిపించే మాటలే ఇవి. నిజామాబాద్ జిల్లాలో అలాంటి ఇళ్లకు లెక్కలేదు. నాన్న ఊళ్లోనే ఉన్నా పెద్ద తేడా ఏం ఉండదు. మండల స్థాయి పోటీలు జరిగేది పనిరోజున. మార్కెట్‌కో, చేనుకో వెళ్లినవాళ్లు ఆట చూడలేరు. చూసినవాళ్లు చెప్పరు. చెప్పినా నాలుగు రోజులకు మరిచిపోతారు.

మరి ఆ ఆటను ఎవరైనా రాసిపెడితే?

రాసేవాళ్లున్నారు. జీతానికి కాదు, ఊరికే. వాళ్లెవరో కాదు... అమ్మానాన్నలే!

* * *

మల్లె పొద కాదు, లైలాక్ పొద

అమెరికాలో బేస్‌బాల్ అంటే మనకు క్రికెట్ లాంటిది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో విలియమ్స్‌పోర్ట్ అనే ఊరుంది. అక్కడ 1938లో కార్ల్ స్టాట్జ్ అనే మామూలు ఉద్యోగి తన బంధువుల పిల్లలిద్దరితో పెరట్లో బంతాట ఆడుతున్నాడు. బంతి వెనకాల పరుగెడుతూ లైలాక్ పొదకు తగిలి కాలు గీసుకుపోయింది. నొప్పితో అక్కడే కూర్చున్నాడు. అప్పుడే ఆయనకో ఆలోచన వచ్చిందంటారు. పెద్దవాళ్లకు అన్నీ ఉన్నాయి, పిల్లలకు వాళ్ల సైజు మైదానం, వాళ్ల సైజు జట్టు, వాళ్లకో యూనిఫాం ఎందుకు ఉండకూడదు?

ఆలోచన బాగానే ఉంది, డబ్బులేవి? ఊళ్లో కంపెనీల గడపలన్నీ ఎక్కి దిగాడు. 56 చోట్ల కాదన్నారట. 57వ గడప ఒక పాల డెయిరీది. వాళ్లు సరేనన్నారు. ముప్ఫై డాలర్లు! మరో ఇద్దరు వ్యాపారులు కలిశారు. మూడు జట్లు తయారయ్యాయి. 1939 జూన్ 6న మొదటి ఆట జరిగింది. కలప కంపెనీ జట్టు డెయిరీ జట్టును 23-8తో ఓడించింది. అదే 'లిటిల్ లీగ్'కు నాంది. ఇప్పుడది ఎనభైకి పైగా దేశాల్లో ఉంది.

ఇంత పెద్ద వ్యవస్థను ఊరి స్థాయిలో నడిపేది ఎవరనుకుంటున్నారు? ఆడే పిల్లల తల్లిదండ్రులే. ఒకరు మైదానానికి సున్నం గీతలు గీస్తారు. ఒకరు అంపైర్. ఒకరు టీ, బిస్కట్ల దుకాణం చూసుకుంటారు. ఒకరు పుస్తకం పట్టుకుని స్కోరు రాస్తారు. ఆట అయ్యాక ఆ స్కోరు పుస్తకాన్ని ముందు పెట్టుకుని, రాత్రి పిల్లలు పడుకున్నాక, ఆ రోజు ఏం జరిగిందో అరపేజీలో రాసేది కూడా వాళ్లలో ఒకరే. మరునాడు జట్టులోని ఇళ్లన్నిటికీ అది చేరుతుంది. ఒకప్పుడు ఊరి వారపత్రికకు వెళ్లేది. స్థానిక పత్రికకు అంతమంది విలేకరులు ఉండరు. పదేళ్ల పిల్లల ఆటకు ఎవరిని పంపిస్తారు? అందుకే అమ్మానాన్నలు రాసి ఇస్తే వాళ్లు అచ్చువేసేవారు. ఆ ముక్కను కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్న ఇళ్లెన్నో.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ ఆట మొదట్లో అర్థం కాదు. బంతి కొట్టి బ్యాట్ పారేసి పరుగెత్తడమేంటి అనిపిస్తుంది. పిల్లాడు జట్టులో చేరాక, స్కోరు పుస్తకం తమ వంతుకు వచ్చాక నేర్చుకోక తప్పదు. పిల్లల ఆటలో చేయి వేయకుండా గట్టు మీద కూర్చునే తల్లిదండ్రులను అక్కడివాళ్లు ఊరికే ఉండనివ్వరు మరి!

* * *

కబురు కోసం కాచుకుంటే... ఆట పుట్టింది

బేస్‌బాల్‌కు చెల్లెలు సాఫ్ట్‌బాల్. మన బడుల్లో ఎక్కువగా ఆడేది దీన్నే. నిజామాబాద్ జిల్లా పిల్లలకు ఇది కొత్త ఆటేమీ కాదు. ఈ ఆట పుట్టుక వెనక ఓ తమాషా కథ ఉంది.

1887. నవంబరు నెల. షికాగోలో ఓ బోట్ క్లబ్బు. చలికి బయట ఆడే వీల్లేక కుర్రాళ్లంతా లోపల చేరారు. ఎక్కడో దూరాన యేల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల మధ్య ఫుట్‌బాల్ పోటీ జరుగుతోంది. ఎవరు గెలిచారో టెలిగ్రాఫ్‌లో కబురు రావాలి. వచ్చింది. యేల్ గెలిచింది! ఆ ఆనందంలో ఒకడు అక్కడున్న బాక్సింగ్ గ్లవ్‌ను ఎదుటి వర్గం వాడి మీదకు విసిరాడు. వాడు దాన్ని చేతిలో ఉన్న కర్రతో కొట్టాడు. జార్జ్ హాన్‌కాక్ అనే పాత్రికేయుడు ఇదంతా చూసి 'ఇదేదో బాగుందే' అనుకున్నాడు. గ్లవ్‌ను తాళ్లతో బంతిలా కట్టించాడు. నేల మీద గీతలు గీయించాడు. ఆట మొదలైంది.

అంటే ఒక ఆట కబురు కోసం కాచుకున్న చోట ఇంకో ఆట పుట్టింది! ఆట ఎంత ముఖ్యమో, దాని కబురు కూడా అంతే ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది?

ఇక ఆ కబురును పద్ధతిగా రాయడం నేర్పినాయన హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండ్‌లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో అమెరికా చేరాడు. అక్కడ పత్రికలకు రాసింది ముందు క్రికెట్ గురించే. క్రికెట్ స్కోరు కార్డు చూసిన కళ్లతో బేస్‌బాల్ చూశాడు. ఎవరు ఎన్ని పరుగులు చేశారు, ఎవరు ఎవర్ని అవుట్ చేశారు... అన్నీ ఒక చిన్న పట్టీలో ఇమిడిపోయేలా 1859లో 'బాక్స్ స్కోర్' తయారుచేశాడు. బ్యాట్ ఊపినా బంతి తగలక అవుటైతే 'కె' అని రాయడం కూడా ఆయన పెట్టిన అలవాటే. ఆ అవుట్‌ను అప్పట్లో 'స్ట్రక్' అనేవారు. దాని చివరి అక్షరం 'కె'. మొదటి అక్షరం 'ఎస్' అప్పటికే వేరేదానికి వాడేశాడు!

* * *

ఒకటి నుంచి తొమ్మిది దాకా...

స్కోరు పుస్తకం చూస్తే మొదట బెదురుతాం. నిజానికి అందులో పెద్ద విద్యేమీ లేదు. మైదానంలో తొమ్మిది మంది ఉంటారు. ప్రతి స్థానానికీ ఒక అంకె. బంతి విసిరే పిచర్ ఒకటి. వెనక కూర్చునే క్యాచర్ రెండు. మొదటి బేస్ మూడు. రెండో బేస్ నాలుగు. మూడో బేస్ అయిదు. షార్ట్‌స్టాప్ ఆరు. బయట ఎడమవైపు ఏడు. మధ్యలో ఎనిమిది. కుడివైపు తొమ్మిది.

బంతి షార్ట్‌స్టాప్ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మొదటి బేస్‌కు విసిరి అవుట్ చేస్తే '6-3' అని రాస్తారు. అంతే! ఈ అంకెలు చదివి ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆట మొత్తాన్ని కళ్లముందుకు తెచ్చుకోవచ్చు.

పసుపు పండించే ఇంట్లో లెక్క రాయడం ఎవరికి కొత్త? కాడి ఎన్ని బస్తాలు, గోళ ఎన్ని బస్తాలు, తరుగు ఎంత తీశారు... మార్కెట్‌లో దడువాయి తూకం వేస్తుంటే పక్కనే నిలబడి చూసుకుంటాం. చిట్టీలో ఒక్క బస్తా తప్పినా ఊరుకోం. తొమ్మిది నెలల కష్టం అది. మరి పిల్లల కష్టానికి చిట్టీ ఏది?

ఈ లెక్క ముచ్చట కోసమే అనుకునేరు. పిల్లల ఒంటికి కూడా ఇది కాపలా. చిన్నప్పుడే అదేపనిగా బంతులు విసిరితే మోచేయి, భుజం దెబ్బతింటాయి. అందుకే లిటిల్ లీగ్ 2007 నుంచి ఒక పిల్లవాడు రోజుకు ఇన్ని బంతులే విసరాలని కట్టడి పెట్టింది. తొమ్మిది, పదేళ్లవాళ్లకు 75. పదకొండు, పన్నెండేళ్లవాళ్లకు 85. ఎక్కువ విసిరితే తర్వాత కొన్ని రోజులు విశ్రాంతి ఇవ్వాల్సిందే. ఎన్ని విసిరాడో లెక్కపెట్టేది ఎవరు? గట్టు మీద పెన్సిల్ పట్టుకున్న ఓ అమ్మో, నాన్నో! ఆ పెన్సిల్ గీత తప్పితే ఒక పిల్లాడి మోచేయికి ముప్పు. అంత విలువ ఉంది దానికి.

* * *

ఒకే ఆట... రెండు కథలు

స్కోరు రాయడం సులువే. కథ రాయడమే కష్టం. అంకె అబద్ధం చెప్పదు, మాట చెబుతుంది. ఒక్కోసారి నిజమే చెప్పి కూడా గాయం చేస్తుంది.

ఉదాహరణకు ఒక ఆట ఊహించుకుందాం. బడి జట్ల మధ్య సాఫ్ట్‌బాల్. చివరిది ఏడో ఇన్నింగ్స్. స్కోరు 5-5. ఎదుటి జట్టు బ్యాటింగ్. ఇద్దరు అవుటయ్యారు. మూడో బేస్ మీద ఒకమ్మాయి పరుగుకు సిద్ధంగా ఉంది. బంతి గాల్లోకి లేచి కుడివైపున ఉన్న తొమ్మిదో స్థానం అమ్మాయి మీదికి వచ్చింది. చేతుల్లో పడింది... జారింది. పరుగు వచ్చేసింది. 6-5. ఆట ముగిసింది.

దీన్ని ఒకరు ఇలా రాస్తారు: 'చివరి క్షణంలో సులువైన క్యాచ్ వదిలేయడంతో మన జట్టు ఓడిపోయింది.'

అబద్ధం లేదు. ఒక్క వాక్యం. కానీ ఆ వాక్యం చదివే తొమ్మిదో స్థానం పిల్ల ఎవరు? చిన్న పిల్లల జట్లలో బంతి తక్కువగా వెళ్లేది అటువైపే. అందుకే జట్టులో అందరికంటే కొత్తగా చేరిన పిల్లను, కాస్త భయపడే పిల్లను అక్కడ నిలబెడతారు. ఆటంతా ఒంటరిగా నిలబడి, ఆఖరికి వచ్చిన ఒకే ఒక్క బంతిని వదిలేసిన పిల్ల అది. మరుసటి రోజు బళ్లో ఆ వాక్యాన్ని అందరూ చదువుతారు. వారం తర్వాత ఆ పిల్ల కడుపునొప్పి అని చెప్పి ఆటకు రాదు. ఆ తర్వాత ఇక ఎప్పటికీ రాదు.

ఇంకొకరు అదే ఆటను ఇలా రాస్తారు: 'ఏడు ఇన్నింగ్స్‌ల హోరాహోరీ పోరులో మన జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడింది. రెండో ఇన్నింగ్స్‌లో మూడు పరుగులు వెనకబడినా, అయిదో ఇన్నింగ్స్‌కల్లా సమం చేసింది. మూడో ఇన్నింగ్స్‌లో కుడివైపు నుంచి హోమ్ ప్లేట్ దాకా విసిరిన పొడవాటి త్రో ఒక పరుగును ఆపింది. చివరి ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టు మూడో బేస్ రన్నర్ గెలుపు పరుగు తెచ్చింది.'

ఇందులోనూ అబద్ధం లేదు. క్యాచ్ వదిలినదాన్ని చెప్పలేదు కానీ ఓటమిని దాచలేదు. పైగా, మొదటివాళ్లు మరిచిపోయిన సంగతి ఒకటి ఇందులో ఉంది. మూడో ఇన్నింగ్స్‌లో ఆ త్రో విసిరింది ఎవరు? అదే తొమ్మిదో స్థానం పిల్ల! స్కోరు పుస్తకంలో '9-2' అని ఉంది. రాసినవాళ్లు పేజీ వెనక్కి తిప్పి చూశారు, అంతే తేడా.

ఏళ్ల తరబడి ఈ పని చేసేవాళ్లకు పట్టుబడే సూత్రాలు కొన్ని ఉన్నాయి. తప్పు జరిగితే జట్టు పేరు రాయాలి. ఒప్పు జరిగితే పిల్ల పేరు రాయాలి. 'బాగా ఆడింది' అని తేల్చేయకుండా ఏం చేసిందో రాయాలి. ఎదుటి జట్టులో బాగా ఆడిన పిల్లను కూడా మెచ్చుకోవాలి, ఎందుకంటే వాళ్లమ్మ కూడా చదువుతుంది. నాలుగు ఆటలు అయ్యేసరికి జట్టులోని ప్రతి పేరు కనీసం ఒక్కసారైనా రావాలి. పేరులో అక్షరం తప్పకూడదు. ఇవన్నీ ఒక ఎత్తు. తన సొంత బిడ్డ గురించి రాయడం ఇంకో ఎత్తు! కొందరు మొత్తం ఆటను తమవాడి చుట్టూ తిప్పేస్తారు. కొందరు మొహమాటానికి పోయి తమవాడు గెలిపించినా ఆ ఊసే ఎత్తరు. పాపం, రాసేవాళ్ల బిడ్డ అయినందుకు వాడికి శిక్ష! అందుకే వంతులవారీగా రాయడమే మేలు. ఈ వారం మీరు, వచ్చే వారం పక్కింటివాళ్లు.

లిటిల్ లీగ్‌లో ఓ నియమం ఉంది. జట్టులో ఉన్న పిల్లలు ఎంత బాగా ఆడతారన్నదానితో సంబంధం లేకుండా ప్రతి ఒక్కరికీ ఆటలో కనీసం ఒకసారి బ్యాట్ పట్టే అవకాశం ఇవ్వాలి. ఆడనివ్వడానికి నియమం ఉన్నప్పుడు, రాయడానికి ఉండొద్దా?

* * *

యంత్రం రాసేస్తే పోలా?

ఆ ప్రయత్నం కూడా జరిగింది. గట్టు మీద కూర్చుని ఫోన్‌లో బంతి బంతికీ స్కోరు నొక్కుతూ పోతే, ఆట అవగానే కంప్యూటరే కథనం రాసిచ్చే ఏర్పాటు అమెరికాలో 2010 దాటాక వచ్చింది. 2011లో ఒక్క ఏడాదిలోనే దాదాపు నాలుగు లక్షల పిల్లల ఆటల కథనాలు అలా తయారయ్యాయి. ఇప్పుడైతే అది ఇంకా తేలిక. చాలా ఉపయోగం కూడా. అలసిపోయిన నాన్నకు ఓ గంట నిద్ర మిగులుతుంది.

కానీ యంత్రానికి తెలిసేది పుస్తకంలో ఉన్నదే. మూడు రోజుల జ్వరం తర్వాత మొదటిసారి మైదానానికి వచ్చిన పిల్లవాడెవరో దానికి తెలియదు. క్యాచ్ వదిలి ఏడుస్తున్న పిల్ల దగ్గరికి పిచర్ పరుగెత్తుకెళ్లి భుజం మీద చెయ్యి వేసిన సంగతి ఏ గడిలోనూ ఉండదు. అది చూడాలంటే గట్టు మీద ఒక మనిషి కూర్చుని ఉండాలి. పిల్లలకు కావాల్సింది కూడా ఆ చూసే మనిషే.

* * *

ముఖ్య అతిథి పేరు మూడుసార్లు!

మన దగ్గర పిల్లల ఆటల వార్తలు రావా అంటే... వస్తాయి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలను మొదలుపెట్టాక ఊరి వార్తకు పత్రికలో చోటు దొరికింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మండల స్థాయి కబడ్డీ, జిల్లా స్థాయి ఖోఖో, పాఠశాలల క్రీడా సమాఖ్య పోటీలు... అన్నీ ఏదో ఓ మూల కనిపిస్తాయి. ఆ సమాచారం పంపేది సాధారణంగా బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడే. మైదానం గీతలు గీసి, పిల్లలకు అన్నాలు పెట్టించి, విజిల్ ఊది, గొడవలు తీర్చి, చీకటిపడ్డాక ఆయనే కూర్చుని నాలుగు వాక్యాలు రాసి పంపాలి.

ఆ నాలుగు వాక్యాల్లో ఏముంటుంది? ఒకసారి పాత పేపరు తీసి చూడండి. పోటీలను ప్రారంభించినవారి పేరు. జ్యోతి వెలిగించినవారి పేరు. బహుమతులు ఇచ్చినవారి పేరు. వేదిక మీద ఆసీనులైనవారి పేర్లు. 'క్రీడలతో మానసికోల్లాసం' అనే మాట. చివర్లో 'బాలికల విభాగంలో ఫలానా పాఠశాల జట్టు విజేతగా నిలిచింది.' అయిపోయింది! ఫొటోలో ముందు వరసలో పెద్దలు, వెనక కాళ్లు ఎత్తి తొంగిచూస్తూ గెలిచిన పిల్లలు. ముఖ్య అతిథి పేరు మూడుసార్లు వచ్చిన చోట, గెలిపించిన పిల్ల పేరు ఒక్కసారి కూడా రాదు.

తప్పు ఆ ఉపాధ్యాయుడిది కాదు. ఆయన ఒక్కడే. చెయ్యాల్సినవి పది. పిల్లల పేర్లు, ఎవరేం చేశారో రాసిపెట్టే ఇంకో చెయ్యి ఉంటే ఆయన కూడా సంతోషంగా పంపుతాడు.

ఈ జిల్లా నుంచే నిఖత్ జరీన్ వచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయింది. వాళ్ల నాన్న సౌదీలో ఉద్యోగం చేసి వచ్చినవాడే. కూతుళ్ల చదువు కోసం, ఆట కోసం తిరిగి వచ్చి బిడ్డ పక్కన నిలబడ్డాడు. పాకాల అనే ఊరి నుంచి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. వాళ్ల గురించి ప్రపంచమంతా రాసింది. అందరు పిల్లలూ ప్రపంచ ఛాంపియన్లు కారు. ఎక్కువమంది పదో తరగతితోనే ఆట ఆపేస్తారు. వాళ్ల ఆటకు జీవితం మొత్తంలో దొరికే సాక్ష్యం ఊళ్లో ఎవరో రాసిన ఆ నాలుగు వాక్యాలే. అందుకే అవి విలువైనవి.

* * *

వేల్పూర్‌కు తెలియని పనా?

ఇంకో సంగతి. పిల్లల కోసం ఊరంతా ఒక్కటై నిలబడటం వేల్పూర్‌కు కొత్త కాదు. అసలు దేశానికి ఆ పాఠం చెప్పింది ఈ మండలమే.

2001కి ముందు ఇక్కడ ఎంతోమంది పిల్లలు బడికి బదులు పనికి వెళ్లేవారు. తల్లిదండ్రులు తీసుకున్న అప్పు కింద పిల్లలు చాకిరీ చేసేవారు. 2001 జూన్‌లో అప్పటి జిల్లా కలెక్టర్ జి.అశోక్‌కుమార్ ఆధ్వర్యంలో ఓ ఉద్యమం మొదలైంది. బడి బయట ఉన్న పిల్లలెవరో ఊరూరా గుర్తించారు. యజమానులతో మాట్లాడారు. పిల్లల్ని పనిలో పెట్టుకున్నవాళ్లు ఆ కుటుంబాలు ఇవ్వాల్సిన అప్పులు వదులుకున్నారు. ఆ మొత్తం రూ.35 లక్షలు! పిల్లలందర్నీ బడిలో ఉంచుతామని సర్పంచులు ప్రభుత్వంతో ఒప్పంద పత్రాలు రాసుకున్నారు. బడులు, టీచర్ల బాధ్యత మాదని ప్రభుత్వం సంతకం పెట్టింది. 2001 అక్టోబరు 2న వేల్పూర్‌ను బాల కార్మికులు లేని మండలంగా ప్రకటించారు. 'మా ఊళ్లో బాల కార్మికులు లేరు' అని ఊళ్ల ముందు బోర్డులు పెట్టుకున్నారు. 'వేల్పూర్ నమూనా' అన్న పేరు అలా వచ్చింది.

గమనించారా? అదంతా మొదలైంది ఒక పనితోనే. ప్రతి పిల్లనూ లెక్కలోకి తీసుకోవడం. ఎవరినీ వదిలేయకపోవడం. అప్పుడు పుస్తకంలోకి ఎక్కింది 'బడికి రాని పిల్ల'. ఆ తరం పిల్లలే ఇప్పుడు అమ్మలు, నాన్నలు. వాళ్ల పిల్లలు బడికెళుతున్నారు, మైదానంలో ఆడుతున్నారు. ఇప్పుడు పుస్తకంలోకి ఎక్కాల్సింది 'ఆడిన పిల్ల'. ఆ పని చేయడానికి కలెక్టర్ రానక్కర్లేదు. నలభై పేజీల నోటు పుస్తకం, ఒక పెన్ను చాలు.

* * *

ఇలా మొదలుపెట్టొచ్చు...

సాఫ్ట్‌బాలే కానక్కర్లేదు. కబడ్డీ కావచ్చు, వాలీబాల్ కావచ్చు. మీ బడి జట్టులో పన్నెండు మంది పిల్లలున్నారంటే పన్నెండు ఇళ్లున్నట్టు. ఒక్కో ఆటకు ఒక్కో ఇల్లు వంతు వేసుకుంటే ఏడాదికి ఎవరికీ ఒకటి రెండుసార్ల కంటే రాదు. చదువు రాని అమ్మ ఉంటే ఆమె చూసి చెబుతుంది, ఇంట్లో పెద్దపిల్ల రాస్తుంది. అలా రాసినవే ఒక్కోసారి అందరికంటే బాగుంటాయి.

ముందుగా వ్యాయామ ఉపాధ్యాయుడితో మాట్లాడండి. ఆటకు ముందే పిల్లల పేర్లు, ఆడే స్థానాలు రాసుకోండి. ఎదుటి జట్టు పేర్లు కూడా అడగండి. ఆట జరుగుతున్నప్పుడు గుర్తులు మాత్రమే పెట్టుకోండి. ఆ రాత్రే రాసేయండి, మర్నాటికి సగం మరిచిపోతాం. పది వాక్యాలు దాటొద్దు. పంపేముందు ఒక్కసారి, అందులో ఉన్న ప్రతి పిల్ల పక్కన కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకోండి. ఏ పిల్ల ముఖమైనా వాడిపోతుందనిపిస్తే ఆ వాక్యం మార్చండి.

ఒక్క జాగ్రత్త. రాసింది జట్టులోని ఇళ్ల మధ్యనే ఉండనివ్వండి. పిల్లల ఇంటిపేర్లు, చిరునామాలు, ఫొటోలు కనిపించిన ప్రతి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. పత్రికకో, మరెక్కడికో పంపాలంటే ఆ పిల్లల తల్లిదండ్రులను అడగండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు వాడుకునే సంస్థలు ముందుగా తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, అడగడం మర్యాద కదా!

అప్పుడు ఆ రాత్రి తొమ్మిదిన్నరకు దుబాయ్ నుంచి ఫోన్ వచ్చేసరికి నాన్న ముందే చదివేసి ఉంటాడు. ''ఆట ఏమైంది?'' అని అడగడు.

''మూడో ఇన్నింగ్స్‌ల అంత దూరంకెళ్లి ఎట్ల ఇసిరినవ్ బిడ్డా?'' అంటాడు.

అప్పుడిక బిడ్డ 'మంచిగనే' అని ఊరుకోదు. ఫోన్ అమ్మ చేతికి ఇప్పట్లో వచ్చేలా లేదు!